సున్నం లెక్క

సంక్రాంతి ఇంకా మూడు వారాలుందనగా మా నాన్నగారు ఫోను చేశారు. "పాత ఇంటికి ఈసారి సున్నమే వేయిద్దాం. డబ్బా రంగులు వద్దు. నువ్వు నాలుగు రోజులు సెలవు పెట్టి ముందుగా రా" అన్నారు.

ఆయన పల్నాడులో ఒక పల్లెటూరి బడిపంతులు. రిటైరై చాలా ఏళ్ళయినా మాటలో బెత్తం ఇంకా పోలేదు. నేను కూడా పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణే కదా అని ధైర్యం తెచ్చుకుని, "డబ్బా రంగయితే పదేళ్ళ దాకా చూసుకోనక్కర లేదట నాన్నగారూ" అన్నాను.

"కిందటిసారి నువ్వు వేయించిన పదేళ్ళ రంగు మూడేళ్ళకే అప్పడంలా పొంగి ఊడిపోయింది. అది సున్నంతో కట్టిన గోడరా. లోపలి చెమ్మ బయటికి పోవాలి. దాని మొహానికి రబ్బరు గుడ్డ కడితే ఊపిరాడుతుందా? పిడుగురాళ్ళ నుంచి రాళ్ళ సున్నం రెండు బస్తాలు చెప్పాను" అని పెట్టేశారు.

నా బాధ గోడ గురించి కాదు. రాళ్ళ సున్నం అనే మాట వింటే చాలు, ఈ వయసులో కూడా నాకు అరచేతులు చెమరుస్తాయి. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ ప్రసక్తి తేరు. మీకు చెబుతాను, కాస్త ఆగండి.

మా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ రసాయన శాస్త్రం మేష్టారిది. తెలుగు వాడికీ రసాయనం వాడికీ ఏం మాటలుంటాయని అడగకండి. ఆయనకు పద్యాల పిచ్చి, నాకు తెలియని విషయాల పిచ్చి. పైగా ఆయన తాంబూల ప్రియులు. నాన్నగారి ఫోను సంగతి చెప్పేసరికి ఆకుకు సున్నం రాస్తున్నవారల్లా ఆగి, "మీ నాన్నగారు మీకొక పెద్ద కథలో చివరి ఘట్టం అప్పగించారు. మొదలు తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను. తెలుగు మేష్టర్లకు ఉన్న సుఖం ఇదొకటి. రసాయనం తెలియదంటే ఎవరూ తప్పు పట్టరు. ఈ మధ్య తెలుగు రాదన్నా ఎవరూ తప్పు పట్టటం లేదు. అది వేరే కథ.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకూ చెబుతాను.

సున్నపురాయిని భట్టీలో పెట్టి కాలుస్తారు. శుద్ధమైన రాయి నూరు కిలోలు కాలిస్తే చివరికి చేతికి వచ్చే పొడి సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ గాలిలో కలిసిపోతాయి. ఆ పోయినదాన్ని మా నాన్నగారి నాటి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఇప్పటి పిల్లలు కార్బన్ డై ఆక్సైడ్ అంటున్నారు. పేరేదైనా, మనం వదిలే ఊపిరిలో ఉండేదీ, సోడా బుడ్డిలో బుసకొట్టేదీ అదే.

"ఈ విడిపోవటం ఊరికే జరగదు. సుమారు 900 డిగ్రీల వేడి కావాలి. రాయి వేడెక్కటానికే ఆ మంటంతా అనుకుంటారు. కాదు. కావలసినంత వేడెక్కిన తర్వాత కూడా రాయి వేడిని తాగుతూనే ఉంటుంది. నూరు గ్రాముల రాయి సున్నం కావటానికి 178 కిలోజౌళ్ళ వేడిని మింగేస్తుంది" అన్నారు.

"కిలోజౌలంటే ఎంత?"

"లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే నాలుగు కిలోజౌళ్ళ పైచిలుకు పడుతుంది. దాన్నిబట్టి చూసుకోండి."

"మరి ఆ మింగిన వేడి ఏమయింది?"

"ఎక్కడికీ పోలేదు. కలిసి ఉన్నవాటిని విడదీయటానికి పెట్టిన ఖర్చు అది. మళ్ళీ కలిసేటప్పుడు తిరిగి రావలసిన బాకీగా ఉండిపోయింది. సున్నాన్ని చల్లార్చి, బస్తాకెత్తి, లారీ మీద మీ ఊళ్ళో దించినా ఆ బాకీ అలాగే ఉంటుంది. చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటుంది. అదే దాని మోసం."

ఆ సున్నం మీద నీళ్ళు పడగానే బాకీలో మొదటి వాయిదా వసూలవుతుంది. నూరు గ్రాముల రాయి నుంచి వచ్చిన 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటిని తనలో కలిపేసుకుని తడి సున్నం అవుతుంది. అప్పుడు 65 కిలోజౌళ్ళు ఒక్కసారిగా బయటికొస్తాయి. సున్నం బుగబుగ పొంగటం, కుండ కాలటం, ఆవిరి లేవటం అందుకే. రెండో వాయిదా గోడమీద. వేసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుని, తాగిన నీటిని వదిలేసి, తిరిగి సున్నపురాయి అయిపోతుంది. అప్పుడు 113 కిలోజౌళ్ళు. ఇది మొదటిదానికంటే పెద్ద వాయిదాయే గాని, గోడ మీద నెలల తరబడి చెల్లుతుంది కాబట్టి ఎవరికీ వేడి తగలదు.

ఆయన కాగితం మీద వేసి చూపించారు. తీసుకున్నది 178. ఇచ్చినవి 65, 113. కలిపితే 178. మిగిలింది సున్నా.

"సున్నం లెక్క సున్నా" అన్నాను. నాకు వచ్చిన విద్య అదే కదా. ఆయన మర్యాదకు నవ్వారు.

వేడిని గ్రహించేది ఉష్ణగ్రాహక చర్య, విడిచిపెట్టేది ఉష్ణమోచక చర్య. తెలుగు మీడియం పాఠ్యపుస్తకాల్లో మాటలు ఇవి. ఈ మాటలు కట్టినవారెవరో గాని అర్థం మాటలోనే పెట్టారు. గ్రహణానికి మోక్షకాలం ఉన్నట్టే ఇక్కడా పట్టూ విడుపూ ఉన్నాయి.

లెక్క సున్నా అయిందని భట్టీవాడికి ఖర్చు లేదనుకోకండి. అది రాయి పద్దు. భట్టీలో కాలిన బొగ్గు పద్దు వేరు. ఆ బొగ్గు వదిలిన వాయువును పీల్చుకునే బాధ్యత మీ గోడది కాదు.

ఇంతవరకూ తేలిగ్గానే ఉంది. నాకు అక్కడే ఒక సందేహం వచ్చింది. రాయి విడిపోయి సున్నం కావటం ఒక దారి, సున్నం తిరిగి రాయి కావటం దానికి ఎదురు దారి. ఒకే రోడ్డు మీద రెండు వైపులకూ బళ్ళు పోతున్నప్పుడు, ఇవాళ ఎటు పోవాలో దానికెవరు చెబుతారు?

"ఎవరూ చెప్పరు. రెండు వైపులకూ ఎప్పుడూ పోతూనే ఉంటాయి" అన్నారాయన.

ఇది నాకు మొదట మింగుడు పడలేదు. ఆయన వెళ్ళిపోయాక, మా మేనకోడలి పెళ్ళినాటి విడిది ఇల్లు జ్ఞాపకం వచ్చింది. ఏ పూట చూసినా వసారాలో ముప్ఫై మంది ఉండేవారు. వచ్చినవారెవరూ కదలటం లేదని నేను లోలోపల విసుక్కున్నాను. వంటాయన అసలు సంగతి చెప్పాడు. పొద్దున ఇడ్లీలు తిన్న ముప్ఫై మంది వేరు, మధ్యాహ్నం పంక్తిలో కూర్చున్న ముప్ఫై మంది వేరు. ఎందరు బస్సు దిగుతున్నారో అందరు బస్సు ఎక్కుతున్నారు. అందుకే చూసేవాడికి కదలిక కనిపించదు. రసాయన శాస్త్రంలో సమతాస్థితి అంటే అదేనట. నిలిచిపోవటం కాదు, రాకా పోకా సరితూగటం.

మూత బిగించిన పాత్రలో సున్నపురాయిని వేడి చేస్తే అలాగే జరుగుతుంది. వాయువు కొంత బయటపడుతుంది. పోవటానికి దారి లేక పాత్రలోనే తిరుగుతూ, సున్నానికి తగిలి, మళ్ళీ రాయి అవుతూ ఉంటుంది. ఒక దశలో రెండూ సరిపోతాయి. ఫ్రాన్సులో దెబ్రే అనే ఆయన 1867లో ఈ పని చేసి చూశాడు. ఏ వేడిలో ఎంత పీడనం దగ్గర తూకం నిలుస్తుందో, ఆ వేడిలో అది ఎప్పుడూ అంతే. రాయి ఎక్కువ వేసినా తక్కువ వేసినా మారదు. వేడి పెంచితే పీడనం పెరుగుతుంది. 900 డిగ్రీల దరిదాపుల్లో అది మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత అవుతుంది.

సున్నపు భట్టీకి పైన నోరు తెరిచి ఎందుకు ఉంచుతారో ఇప్పుడు చూడండి. పొగ పోవటానికే అనుకునేవాణ్ణి. అదొక్కటే కాదు. బయటపడ్డ వాయువును బయటపడ్డట్టే సాగనంపితే, తిరిగి వచ్చేవాళ్ళుండరు. పెళ్ళివారింట్లో బస్సులు ఎక్కేవారే గాని దిగేవారు లేనట్టు. తూకం ఎప్పటికీ కుదరదు కాబట్టి రాయి ఆఖరి ముక్క దాకా సున్నమవుతుంది. గాలి ఆడని చోట రాయి నడుమ పచ్చిగా మిగిలిపోతుందని భట్టీ దగ్గర పనిచేసే వాళ్ళకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

గోడ దగ్గర కథ తిరగబడుతుంది. మన ఇళ్ళలోని చల్లదనంలో ఆ తూకానికి కావలసిన వాయువు ఉన్నదా లేదా అన్నంత తక్కువ. గాలిలో పదివేల పాళ్ళకు నాలుగు పాళ్ళ పైచిలుకు మాత్రమే ఉన్న వాయువు కూడా దానికి ఎక్కువే. అందుకని సున్నం దాన్ని పీల్చుకుని రాయి వైపు నడుస్తుంది. కాస్త చెమ్మ ఉండాలి, అంతే.

మర్నాడు మేష్టారు ఇంకొక కథ చెప్పారు. ఇది కూడా సున్నపురాయి కథే. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి పోతూ పండితులను కూడా వెంటబెట్టుకు వెళ్ళాడు. వారిలో బెర్తొలే ఒకడు. అక్కడి ఎడారిలో ఉప్పు చెరువులున్నాయి. వాటి ఒడ్డున చాకలి సోడా పేరుకుపోయి ఉంది. బెర్తొలే ఆశ్చర్యపోయాడు. ఎందుకంటే ప్రయోగశాలలో సోడా నీళ్ళనూ కాల్షియం క్లోరైడు నీళ్ళనూ కలిపితే సున్నపురాయి పొడీ ఉప్పూ వస్తాయి. ఇక్కడ చూస్తే సున్నపురాయీ ఉప్పూ కలిసి సోడాను పుట్టిస్తున్నాయి! ఏరు వెనక్కి పారినట్టుంది. దేనికి దేనిమీద ప్రీతి ఎక్కువో అదే గెలుస్తుందని అప్పటి పండితుల నమ్మకం. ప్రీతి ఒక్కటే చాలదు, ఎంతెంత ఉన్నాయన్నది కూడా చూడాలి అన్నాడు బెర్తొలే. అక్కడ ఉప్పు అపారంగా ఉంది, సున్నపురాయి అపారంగా ఉంది. ఆ రాశి బలం చర్యను వెనక్కి నెట్టింది. 1803లో పుస్తకం కూడా రాశాడు.

ఆ ఎంతెంత అనేదాన్ని లెక్కలోకి దించినవాళ్ళు నార్వే దేశస్థులు, గుల్డ్‌బెర్గ్, వాగే అని ఇద్దరు. ఈ ఇద్దరూ తోడల్లుళ్ళు. వాగే భార్య పోయిన తర్వాత గుల్డ్‌బెర్గ్ చెల్లెలినే చేసుకుని బావమరిది వరస కూడా కలుపుకున్నాడు. తోడల్లుళ్ళు అత్తవారింట కలిసి పేకాడటం చూశాను గాని, ఒక సిద్ధాంతం కనిపెట్టటం వినలేదు. 1864లో వాళ్ళు దాన్ని ప్రకటించారు. ఎవరూ పట్టించుకోలేదు. కారణం ఏమిటంటే, వాళ్ళు దాన్ని మాతృభాషలో రాశారు. 1867లో ఫ్రెంచిలో రాశారు. అప్పుడూ అంతంత మాత్రమే. ఈలోగా హాలండులో వాంట్ హాఫ్ తనంతట తాను 1877లో అదే సంగతికి వచ్చాడు. అప్పుడు తోడల్లుళ్ళు లేచి, ఇది మేము ఎప్పుడో చెప్పాం మొర్రో అని 1879లో జర్మను భాషలో రాస్తే, అప్పుడు లోకం ఔనంది. ఈ భాగం వింటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. మేష్టారు మాత్రం, "అయినా ముందు రాసింది 1864లోనే కదండీ" అన్నారు.

ఆ తర్వాత లె షాతెలియే అనే ఫ్రెంచి ఆయన 1884లో ఒక్క వాక్యంలో తేల్చాడు. తూకం మీద ఉన్నదాన్ని నువ్వు ఏ వైపు నుంచి ఒత్తిడి చేస్తే, అది ఆ ఒత్తిడి తగ్గే వైపుకు ఒరుగుతుంది. వేడి పెడితే వేడిని మింగే దారి పడుతుంది, వేడి తీసేస్తే వేడిని ఇచ్చే దారి. ఆయన కూడా సున్నమూ సిమెంటూ గట్టిపడే తీరు మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాడే. మా ఇంట్లో ఈ సూత్రం పెళ్ళయిన నాటినుంచి అమలులో ఉందని చెప్పాను. మేష్టారు తమ ఇంట్లో కూడా అంతే అన్నారు.

అప్పటికి నేను రెండు రోజులుగా విద్యార్థినై కూర్చున్నాను. తిరిగి నేనూ ఒక ముక్క చెప్పకపోతే బాగుండదనిపించింది. మా పల్నాటి సున్నపురాయికి కేవలం భట్టీ యోగమే రాసిపెట్టి లేదు. అమరావతి స్తూపం శిల్పాలు ఆ రాతివే. పాలరాయి అని పేరు పడింది గాని అది సున్నపురాయే. 1797లో కల్నల్ మెకంజీ మొదటిసారి చూసేసరికి ఊరివాళ్ళు దిబ్బ తవ్వి రాళ్ళు తీసుకుపోతున్నారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి ఇంకా ఎన్నో పోయాయి. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. మెకంజీ వేయించిన చిత్తరువుల వల్ల కొన్నిటి రూపమైనా మనకు దక్కింది. 1845లో ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండను వెళ్ళిపోయాయి. ఆ లండను వెళ్ళినవి మనకు దూరమయ్యాయని బాధపడతాం. భట్టీలోకి పోయినవాటి మాట ఎవరూ ఎత్తరు.

"ఇప్పుడు మీ లెక్క చెప్పండి. ఆ సున్నం ఎవరి ఇంటి గోడకో పూత అయింది. గాలి పీల్చి మళ్ళీ రాయి అయిపోయింది. వేడి చెల్లుకు చెల్లు. బరువు చెల్లుకు చెల్లు. పలక మీద చెక్కిన తామరపువ్వు ఏ పద్దులో ఉంది?" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మా లెక్కలో బరువూ వేడీ వస్తాయండి. చెక్కడం రాదు" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి బయలుదేరబోతూ ఆయనే పిలిచారు. "రాళ్ళ సున్నం తడపటం ఎలాగో చెప్పలేదు మీకు. పిడికెడు సున్నం, 56 గ్రాములే అనుకోండి. దాన్ని గ్లాసెడు నీళ్ళలో వేస్తే ఆ 65 కిలోజౌళ్ళూ గ్లాసెడు నీళ్ళే మొయ్యాలి. ఇంచుమించు మరిగే దాకా పోతాయి. పైనుంచి సున్నం మీద నాలుగు చుక్కలే చల్లితే ఇంకా ప్రమాదం. నీరంతా ఆవిరై, సున్నం ముక్కలను వెంటేసుకుని ఎగిరి పడుతుంది. అదే పిడికెడు సున్నం బకెట్టు నీళ్ళలో వేయండి. పదిహేను లీటర్లలో ఒక్క డిగ్రీ వేడి పెరుగుతుంది. చెయ్యికి తెలియను కూడా తెలియదు. వేడి అదే, ఒక్క కిలోజౌలు తగ్గలేదు. పంచుకునేవాళ్ళు ఎక్కువయ్యారు, అంతే. అంచేత ముందు నీళ్ళు, తర్వాత సున్నం. నీళ్ళు దండిగా."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఇక మీకు చెప్పవలసినది చెబుతాను.

1989లో, సంక్రాంతికి ముందు. నాకు పదేళ్ళు, మా తమ్ముడికి ఆరు. పెరట్లో మట్టి గోలెం పక్కన రాళ్ళ సున్నం కుప్ప పోసి పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. సున్నం ఉడకటం చూపిస్తానని నేను తమ్ముణ్ణి పిలిచాను. మూకుడులో రెండు సున్నపు రాళ్ళు పెట్టి, మంచినీళ్ళ గ్లాసులో సగం నీళ్ళు తెచ్చి పోశాను. కాసేపు ఏమీ కాలేదు. "ఏదీ, ఉడకదేం?" అని వాడు వంగాడు. అప్పుడు చిట్లింది.

వాడి కేక విని అమ్మ బిందెతో నీళ్ళెత్తుకుని పరుగెత్తుకు వచ్చింది. మా నాయనమ్మ అడ్డుపడింది. "నీళ్ళు పోస్తే సున్నం ఉడుకుతుందే! కళ్ళు ఉడికిపోతాయి! పొయ్యకు!" అని అరిచింది. ఆముదం తెచ్చి కళ్ళలో వేసింది. అమ్మ బిందె కింద పెట్టేసింది. అప్పట్లో మా ఊరికి రెండు పూటలే బస్సు. గుంటూరు తీసుకువెళ్ళేసరికి మర్నాటి మధ్యాహ్నమయింది. కుడికన్ను దక్కింది. ఎడమకంట్లో పువ్వు పడింది. ఆ కంటితో వాడికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే.

నాయనమ్మను తప్పు పట్టలేను. కళ్ళెదుట చూసిన దాన్నిబట్టే ఆవిడ ఆలోచించింది. నీళ్ళు పడితే సున్నం మండుతుంది, అది నిజమే. గ్లాసుకూ బిందెకూ తేడా ఉందని ఆవిడకు ఎవరు చెప్పారు? ఇదంతా విని రసాయనం మేష్టారు, "ఆ బిందె నీళ్ళు..." అని, అక్కడితో ఆపేశారు. ఆపేసినా నాకు అర్థమైంది. బిందెలకొద్దీ పోసి ఉంటే ఆ వేడిని నీళ్ళే పంచుకుపోయేవి. వేడి ఒక్కటే కాదు, సున్నం గట్టి క్షారం. కంట్లో ఉన్నంతసేపూ తినేస్తూనే ఉంటుంది. దాన్ని కడిగి పారేసేవి కూడా నీళ్ళే.

ఈ పేజీ చదివేవారిలో పిల్లల తల్లులున్నారు. అందుకని తిన్నగా చెబుతాను. పొడి సున్నమైనా, తాంబూలానికి వాడే తడి సున్నమైనా కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని మంచినీళ్ళు ధారగా వెంటనే పొయ్యాలి. అరగంటకు తక్కువ కాకుండా పొయ్యాలి. ముక్కలు ఏమన్నా ఉంటే ఆ ధారలోనే పోనివ్వాలి. నూనె, ఆముదం, చనుబాలు ఏవీ వద్దు. కడిగాకే ఆసుపత్రికి, దారిలో కూడా పోస్తూనే. బడ్డీ కొట్లలో అమ్మే చిన్న సున్నం ప్యాకెట్లు పిల్లలు నొక్కితే పగిలి కళ్ళలో చిమ్ముతాయి. అలా చూపు పోగొట్టుకున్న పిల్లల గురించి మన దేశంలో కంటి డాక్టర్లు మళ్ళీ మళ్ళీ రాస్తూనే ఉన్నారు. అవి చేతికందేచోట ఉంచకండి.

ఊరికి వెళుతూ కాలేజీ ప్రయోగశాల నుంచి నాలుగు కళ్ళద్దాలు అడిగి తీసుకువెళ్ళాను. మా తమ్ముడు ఊళ్ళోనే మిరప వేస్తాడు. ఒకటి తీసి పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇవేవో కాస్త ముందు తేవలసింది అన్నయ్యా" అన్నాడు. ఆ సంగతి వాడి నోట రావటం అదే మొదలు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇనప డ్రమ్ము నిండుకు కాస్త తక్కువగా నీళ్ళు పట్టాం. సున్నపు రాళ్ళు ఒక్కొక్కటే కర్ర గరిటెతో దించాం. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి, ఆవిరి లేచింది, కాని చుక్క ఎగిరి పడలేదు. కలియబెడుతూ నేను తమ్ముడికి గ్లాసూ బకెట్టూ లెక్క చెప్పాను. పాఠం చెప్పే అలవాటు కొద్దీ గొంతు కాస్త పెద్దదయింది కాబోలు. అరుగు మీద కూర్చుని అమ్మ పండగ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయని నేను గమనించలేదు.

"అయితే నీళ్ళు పొయ్యొచ్చా?" అంది.

నేను మాట్లాడలేదు.

"బిందె నా చేతిలోనే ఉందిరా. అత్తయ్యగారు వద్దన్నారని దించేశాను."

నాన్నగారు నిచ్చెన దగ్గర అటు తిరిగి నిలుచున్నారు. నేను ఏదో చెప్పబోయాను. మళ్ళీ రసాయనమే నోటికి వస్తుందని భయమేసి మానుకున్నాను. తమ్ముడే డ్రమ్ము దగ్గరనుంచి, "రెండో కన్ను చాల్లేవే అమ్మా. బియ్యంలో రాళ్ళు మిగిలిపోతే అప్పుడు తెలుస్తుంది, పళ్ళు రెండోవి లేవు" అన్నాడు. ఆమె చేటలోకి వంగి మళ్ళీ ఏరటం మొదలుపెట్టింది. చాలాసేపు ఆ బియ్యంలో ఏమీ ఏరినట్టు లేదు.

మర్నాడు పొద్దున సున్నం చల్లారింది. గట్టి సున్నం అడుక్కు దిగి, పైన తేరిన నీటి మీద పాల మీగడలాంటి పల్చని పొర కట్టి ఉంది. తమ్ముడు కర్రతో తాకితే పెళుసుగా విరిగింది.

"ఇదేమిటి అన్నయ్యా, గాజు పెంకులా ఉంది?"

"రాయి" అన్నాను. "రాత్రి గాలి పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి అవుతోంది."

"ఒక్క రాత్రికే?"

"పైపైన ఇంతే. గోడ మీద పూర్తిగా అవటానికి నెలలు పడుతుంది."

వాడు ఆ పొర ముక్క ఒకటి తీసి వేలి మీద పెట్టుకుని, కుడికన్ను దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత కలియబెట్టి తుమ్మబంక పోశాడు. నీలిమందు ఎంత వెయ్యాలన్నదాని మీద వాడికీ నాన్నగారికీ ఎప్పటిలాగే తగాదా వచ్చింది. కళ్ళద్దాలు సవరించుకుని వాడు కుంచె పట్టుకుని నిచ్చెన ఎక్కాడు.

లోపలినుంచి అమ్మ నిండు బిందె చంకన పెట్టుకుని వచ్చింది. నిచ్చెన మొదట్లో దాన్ని దించి, పైన చెంబు బోర్లించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. సాయంత్రం తూర్పు గోడ పూర్తయి వాడు కిందికి దిగేదాకా ఆమె ఆ బిందె పక్కనుంచి కదలలేదు.